పది కిలోమీటర్ల అవతలి లోయ

బిట్టర్‌పుట్స్ క్యాంపు, ఫిష్ నది దగ్గర
12 జూన్ 1997

రోజీ తల్లికి,

నీ ఉత్తరం మా కేప్‌టౌన్ ఆఫీసులో నాకోసం పది రోజులు కాచుకుని ఉందట. ట్రక్కు బయల్దేరే ముందు చేతికిచ్చారు. దారంతా నా వంట ఏప్రన్ జేబులోనే ఉంది, ఒక మూల నూనె కూడా తాగింది.

రుండూ అంత దూరమని తెలిసుంటే ఆ పంతులమ్మ ఉద్యోగానికి వెళ్లొద్దనేదాన్ని. దేశానికి ఈ కొసన నేను, ఆ కొసన నువ్వు. అక్కడి సజ్జ సంకటి నీకు పడుతోందా? మేకపాలు తాగి పెరిగిన పిల్లవి, చేపలు తినేటప్పుడు ముళ్లు చూసుకో.

నీ అయిదో తరగతి పిల్లలకి మా పెద్దలోయ మీద పాఠం వచ్చిందనీ, పుస్తకంలో బొమ్మయినా లేదనీ, “మా అమ్మ సఫారీ ట్రక్కులో వంట చేస్తుంది, అయిదేళ్లుగా ఆ లోయకి వెళ్తోంది, ఆవిడే రాస్తుంది చూడండి” అని చెప్పేశావనీ రాశావు. చెప్పేశాక ఇంకేముంది, రాస్తున్నా.

ఇప్పుడు లోయ అంచున బండరాయి మీద కూర్చున్నా. సాయంత్రం అయిదున్నర. మా పదహారుమంది ప్రయాణికులూ ఫొటోలు తీసుకుంటున్నారు. లోయ ఎంత లోతంటే, పైనుంచి రాయి విసిరితే పడిన చప్పుడు వినపడదు. రాళ్లు ఎర్రగా, ఊదాగా, పొరలు పొరలుగా ఉంటాయి. అడుగున నది పాములా మెలికలు తిరుగుతూ హోరుమని పారుతుంటుంది. చూసినవాళ్లకి మాట రాదు. మొన్నొక జర్మన్ ఆయన ఏడ్చేశాడు.

ఒక్క నిమిషం.

వచ్చేశా. ఒక బబూన్ కోతి రొట్టెల పెట్టె మీద పడితే గరిటె పుచ్చుకుని తరిమొచ్చా. మా గైడు ఎలియేజర్ ఆ కోతులకి మంత్రుల పేర్లు పెట్టాడు. ఏ పేరు దేనికో రాయను, ఉత్తరం ఎవరైనా చించి చదివితే గొడవ.

చలి ఎక్కువగా ఉంది. స్వెట్టర్ వేసుకో. అక్కడ చలి లేదంటావు, అయినా వేసుకో.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.
అమ్మ


రుండూ
3 జూలై 1997

అమ్మా,

నీ ఉత్తరం తరగతిలో పిల్లలు నాచేత రెండుసార్లు చదివించారు. రెండోసారి పక్క తరగతి పిల్లలు కిటికీల దగ్గర చేరారు. పాముని చుట్టచుట్టి రాళ్లలో పడుకోబెట్టినట్టు నలభైమందీ నలభై లోయలు గీశారు. గోడంతా అవే.

వాళ్లకి నది కొత్త కాదు. బడి వెనకే ఒకవంగో నది, అందులో మొసళ్లు, నీటి ఏనుగులు. అందుకే ప్రశ్నలన్నీ నది మీదే. మీ నదిలో మొసళ్లెన్ని? పడవ వేసుకుని వెళ్లొచ్చా? లోయ అడుగున ఉన్నవాళ్లు అన్నం వండుకోవడానికి పైకొస్తారా? కోర్నేలియా అని ఒక పిల్ల ఉంది, పలక మీద గీత కూడా కొలిచి గీస్తుంది. అది మాత్రం “ఎన్ని మెలికలు లెక్కపెట్టింది మీ అమ్మ?” అని అడిగింది.

మా హెడ్‌మాస్టరు నీ ఉత్తరం సంగతి పిల్లల నోట విని, “మీ అమ్మగారిని డిసెంబరులో బడి మూసేలోపు రమ్మనండి. పిల్లల ముందు కూర్చుని ఆవిడ నోటితోనే చెప్తే బాగుంటుంది” అన్నారు. నేను సరే అన్నాను. అమ్మా, నేనిక్కడ వాళ్ల భాష రాని కొత్త మనిషిని. బజారులో నన్ను చూసి నవ్వుతారు. నీ ఉత్తరం చదివిన రోజు నుంచీ “లోయ టీచరు” అంటున్నారు. ఆ పిలుపు నాకు ఎంత బాగుందో నీకెలా చెప్పను?

వస్తావు కదూ? విండ్‌హుక్ దాకా నేనే ఎదురొస్తా.

నీ రోజీనా


బిట్టర్‌పుట్స్ క్యాంపు
24 జూలై 1997

రోజీ,

పిల్లలకి చెప్పు: మొసళ్లు లేవు. పడవలు లేవు. అడుగున మనుషులు కాపురం ఉండరు, కొండ గాడిదల్లాంటి చారల గుర్రాలుంటాయి. మెలికలు లెక్కపెట్టలేదు, లెక్కపెట్టేలోపు కళ్లు తిరుగుతాయి. హోరు మాత్రం భలే ఉంటుంది. అంత ఎత్తున కూర్చున్నా ఆ నీళ్ల హోరు చెవుల్లో పడుతూనే ఉంటుంది. సూర్యుడు అవతలి గట్టు వెనక్కి దిగేటప్పుడు లోయ అంతా నిప్పులు పోసినట్టుంటుంది.

ఈ ట్రిప్పులో ఇద్దరు శాకాహారులు, ఒకడు ఉల్లిపాయ ముట్టడు, ఇంకొకామె పాలు తాగదు. “అక్కా, వీళ్లకి గాలి వండిపెట్టు” అంటాడు ఎలియేజర్. మూడుకాళ్ల ఇనపకుండలో బీన్స్ ఉడికించి పెడితే అందరికంటే ఎక్కువ తిన్నది వాళ్లే.

డిసెంబరు సంగతి. అప్పుడు ట్రిప్పులు ఎక్కువ. పైగా నాకు నలుగురిలో నిలబడి మాట్లాడటం చేతకాదు. మన ఊళ్లో, బెతనీ చర్చిలో ఒకసారి బైబిలు వాక్యం చదవమంటే చెమటలు పట్టి కూర్చుండిపోయాను, గుర్తులేదూ? మీ పెద్దాయనకి నా తరఫున దండాలు చెప్పి, రానని చెప్పు.

అమ్మ


రుండూ
12 ఆగస్టు 1997

అమ్మా,

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నీ రెండో ఉత్తరం చదువుతుండగా హెడ్‌మాస్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆయన కాలేజీ రోజుల్లో స్నేహితులతో కలిసి ఆ లోయ అడుగున అయిదు రోజులు నడిచారట. చదవడం అయ్యాక, “జూలైలో హోరా? వానలు పోయాక అక్కడ నీళ్లు మడుగులు మడుగులుగా నిలబడతాయి. చాలాచోట్ల బూటు తడవకుండా దాటాం మేము” అన్నారు. కోర్నేలియా లేచి, “మిస్, మీ అమ్మ వెళ్లింది వేరే లోయేమో” అంది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి నీ రెండు ఉత్తరాలూ ముందేసుకుని కూర్చున్నాను. లోయ అంచున కూర్చున్నదానివి, రొట్టెల పెట్టె నీ పక్కకి ఎలా వచ్చింది? చేతిలో గరిటె ఎందుకుంది?

అమ్మా, నిజం చెప్పు. నువ్వు ఆ పనిలో లేవా? పోయినేడు నీ నడుం నెప్పి చూసి ఆఫీసువాళ్లు ఏదో అన్నారని చెప్పావు. నిన్ను తీసేశారా? కీట్మాన్స్‌హూప్ ఊళ్లో ఎవరింట్లోనో బట్టలుతుకుతూ నాకు లోయ కథలు రాస్తున్నావా? డిసెంబరులో రానన్నది రావడం ఇష్టంలేకా, రాలేకా? నా జీతంతో ఇద్దరం బతకొచ్చు. నువ్వు ఏ పని చేసినా నేను సిగ్గుపడను.

రోజీనా


స్ప్రింగ్‌బాక్
30 ఆగస్టు 1997

రోజీనాకి,

నాకు పని ఉంది. తీసెయ్యలేదు. నమ్మకపోతే ఆఫీసుకి ఫోను చేసి కనుక్కో.

బట్టలుతకడంలో సిగ్గు పడటానికేముంది? నిన్ను హాస్టల్లో చేర్చేదాకా నేను ఉతికింది ఊళ్లోవాళ్ల బట్టలే. సిగ్గుపడనని నువ్వు నాకు మాట ఇవ్వక్కర్లేదు.

స్టవ్ మీద నీళ్లు కాగుతున్నాయి. ఉంటా.

మాగ్రీటా


రుండూ
12 సెప్టెంబర్ 1997

అమ్మా,

ఉత్తరం చివర ‘అమ్మ’ అని లేకపోయేసరికి ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. సిగ్గుపడనన్న మాట నేను రాయాల్సింది కాదు. క్షమించు.

నిజంగానే ఫోను చేశాను. చెయ్యమన్నావని కాదు, నీ ఆరోగ్యం కనుక్కుందామని. ఫోనెత్తినావిడ మంచిది. “మాగ్రీటానా! ఆవిడ లేకపోతే మా ట్రక్కు కదలదు. ఈ వేళకి లోయ దగ్గరి క్యాంపులో ఉంటుంది” అంది. “ఇప్పుడు లోయ చూస్తూ ఉంటుందన్నమాట” అన్నాను. ఆవిడ నవ్వేసింది. “వంటవాళ్లు లోయకి వెళ్లరమ్మా. అది క్యాంపుకి పది కిలోమీటర్ల దూరం. ప్రయాణికులు వెళ్లి చూసొచ్చేసరికి ఈవిడ భోజనం సిద్ధం చెయ్యాలి కదా” అంది.

అయిదేళ్లమ్మా. ఒక్కసారి కూడా చూడలేదా?

నువ్వు చూడకుండా చెప్పావని నాకు కోపం లేదు. రాయి, ఇంకా రాయి అని నేను వెంటపడ్డ ప్రతిసారీ నువ్వు ఏం చేసి ఉంటావో తలుచుకుంటే బాధగా ఉంది. పిల్లలకి ఇంకా ఏమీ చెప్పలేదు. గోడ మీద నలభై లోయలూ అలాగే ఉన్నాయి.

నీ కూతురు,
రోజీ


సెస్రియెం
4 అక్టోబర్ 1997

రోజీ, నా బంగారం,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఎలియేజర్ కూడా కోతుల జోకులు ఆపేశాడు. ఇప్పుడు చెప్తా, మొత్తం.

మొదటి ట్రిప్పులో అప్పటి గైడుని అడిగాను, “నేనూ రానా?” అని. “మరి కుండ దగ్గర ఎవరుంటారు?” అన్నాడు. తిట్టలేదు, నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వుకే జడిశాను. మళ్లీ ఎవర్నీ అడగలేదు. వాళ్లు నాలుగింటికి వెళ్లేవారు, ఏడింటికి తిరిగొచ్చేవారు. ఆ మూడు గంటలూ నేను బంగాళాదుంపలు చెక్కు తీసేదాన్ని. వచ్చాక పళ్లాల ముందు కూర్చుని లోయ గురించే మాట్లాడుకునేవారు. ఆ మాటలు విని దాచుకునేదాన్ని. జర్మన్ ఆయన ఏడ్చాడన్నది నిజం, ఏడుస్తూనే సూపు తాగాడు. హోరు అన్నది మార్చిలో వరదప్పుడు వచ్చినవాళ్ల మాట. అది ఏడాదంతా ఉంటుందనుకున్నా.

నీకెందుకు చెప్పానంటే, హాస్టల్లో నిన్ను చూడ్డానికొచ్చినప్పుడు నువ్వు స్నేహితురాళ్లతో “మా అమ్మ దేశమంతా చూస్తుంది” అన్నావు. నేను తలుపు బయటే ఉన్నా. దేశమంతా తిరిగిన మాట నిజమే. చూశానో లేదో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అలా అలవాటైపోయింది.

ఇక మొన్నటి సంగతి. ఈసారి ట్రిప్పులో ఇంగర్ అని డెన్మార్క్ ముసలావిడ ఉంది. డెబ్భై రెండేళ్లు. మొదటి రోజు నుంచీ తిన్న పళ్లెం తనే కడుక్కుంటుంది, వద్దన్నా వినదు. బిట్టర్‌పుట్స్‌లో అందరూ ట్రక్కెక్కుతుంటే నా దగ్గరికొచ్చింది.

“నువ్వు రావట్లేదా?”

“నేను చూశాలెండి,” అన్నా, అలవాటు కొద్దీ.

ఆవిడ కదల్లేదు. నా మొహంలోకి చూసి, “నేను ముప్ఫై ఎనిమిదేళ్లు ఒక బడి వంటశాలలో పనిచేశాను. ఏటా పిల్లలు నాటకం వేసేవారు. ఎలా ఉందని ఎవరడిగినా బాగుందనేదాన్ని. ఒక్కటీ చూళ్లేదు” అంది.

నా చేతిలో కత్తి, సగం చెక్కిన దుంప.

“ఆ గరిటె ఇలా తే,” అంది.

“అయ్యో, మీరింత దూరం వచ్చింది ఆ లోయ కోసం కదండీ!”

“రేపు పొద్దున్న గైడు మళ్లీ తీసుకెళ్తాడుగా. లోయ పారిపోదు. నీ ట్రక్కే పారిపోతుంది, వెళ్లు.”

“ఉప్పు వేసేశాను, మళ్లీ వెయ్యకండి,” అంటూ ఏప్రన్‌తోనే పరిగెత్తాను. ఎలియేజర్ నన్ను చూసి గేరు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. “అక్కా! నీకు ఎత్తులంటే భయమనుకున్నాను ఇన్నాళ్లూ. అందుకే ఎప్పుడూ పిలవలేదు,” అన్నాడు. చూశావా? వాడు పిలవలేదని నేను, నేను రానని వాడు. వాడు ఈ ట్రక్కుకి వచ్చిన మూడేళ్లూ ఇంతే.

ప్రయాణికుల సీట్లలో కూర్చోవడం అదే మొదటిసారి. కిటికీ చాలా పెద్దది.

అంచు దాకా నేల చదునుగానే ఉంటుంది రోజీ. మన బెతనీ నేలలాగే, రాళ్లూ ముళ్లపొదలూ. ఏమీ లేదే అనుకుంటూ నడుస్తాం. ఉన్నట్టుండి నేల అయిపోతుంది. నేను ఆగి, పక్కనున్న పొద పట్టుకున్నా. ముళ్లు గుచ్చుకున్నాయని తర్వాత తెలిసింది.

పిల్లలకి చెప్పు: హోరు లేదు. మీ హెడ్‌మాస్టరు చెప్పింది నిజం. అడుగున చిన్న చిన్న మడుగులు, వాటి పక్కన సన్నటి పచ్చగీత. ఎంత నిశ్శబ్దమంటే నా చెవిలో నా గుండె వినపడింది. ఇది నాకు ఏ ప్రయాణికుడూ చెప్పలేదు. వాళ్లు అక్కడున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటారుగా, ఎలా తెలుస్తుంది?

ఇంకొకటి కూడా ఎవరూ చెప్పలేదు. ఒక నల్ల డేగ ఎగురుతోంది. నా కింద! మేకలు కాసిన రోజుల నుంచీ డేగల్ని చూస్తున్నా, పిల్లమేకల్ని ఎత్తుకుపోతాయని భయపడుతూ తలెత్తి చూసేదాన్ని. నాకు తెలిసిందల్లా వాటి పొట్టలే. మొదటిసారి వీపు చూశా. వీపు మీద తెల్లటి గీత ఉంది, రెండు రెక్కల మధ్య, ఎవరో సున్నంతో దిద్దినట్టు. యాభై మూడేళ్లొచ్చాయి, ఆ సంగతి నాకు తెలియదు.

నేను ఏడవలేదు. నాకు కోపమొచ్చింది. పది కిలోమీటర్లు! మేక తప్పిపోతే అంతకి రెట్టింపు నడిచిన దాన్ని నేను. ఒక నవ్వుకి జడిసి అయిదేళ్లు ఆ పది కిలోమీటర్లు నడవలేదు. కోపమంతా పోయాక నవ్వొచ్చింది. ఏప్రన్‌తో నిలబడి నవ్వుతుంటే ప్రయాణికులు నన్ను ఫొటో తీశారు.

తిరిగొచ్చేసరికి కూరలో ఉప్పు రెండోసారి పడింది. అందరూ నీళ్లు తాగుతూ తినేశారు. ఇంగర్ నా పక్కన కూర్చుని, “ఎలా ఉంది?” అంది. “బాగుంది” అన్నా. ఇద్దరం ఒకళ్ల భుజం మీద ఒకళ్లం పడి నవ్వాం.

నువ్వు పిల్లలకి ఏం చెప్తావో నీ ఇష్టం. కోర్నేలియా అన్నది నిజమే, నేను వెళ్లింది వేరే లోయ.

అమ్మ


రుండూ
27 అక్టోబర్ 1997

అమ్మా,

నిన్ను అడక్కుండా మొత్తం చదివేశాను. తిట్టుకో.

హోరు లేదన్న చోట కొందరు గొణిగారు. ‘మా అమ్మ ఇంతకుముందు చూడలేదు, విన్నది చెప్పింది’ అని నేనే చెప్పాను. నవ్వుతారనుకున్నా. నవ్వలేదు. వీళ్లలో చాలామంది తల్లులు నది ఒడ్డు లాడ్జిల్లోనే పని చేస్తారని అప్పుడు గుర్తొచ్చింది. ఒక పిల్ల లేచి, “మా అమ్మ కూడా పడవెక్కలేదు మిస్. పడవ ఎక్కేవాళ్ల పక్కలు వేస్తుంది” అంది.

డేగ వీపు దగ్గరికొచ్చేసరికి తరగతి ఎంత నిశ్శబ్దమైందంటే, నీ లోయలో ఉన్నట్టే ఉంది. హెడ్‌మాస్టరు వెనక నుంచి, “నేను అయిదు రోజులు అడుగున నడిచాను. నేనూ పొట్టలే చూశాను” అన్నారు. కోర్నేలియా స్కేలు తీసి, “ఆ తెల్లగీత ఎంత పొడుగు, మిస్?” అంది. నువ్వే వచ్చి చెప్పుకోవాలి దానికి.

నేనూ ఒకటి చెప్పాలి. దేశమంతా చూసే అమ్మ అని చెప్పుకోవడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఊళ్లోవాళ్ల బట్టలుతికిన అమ్మ అని ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. నువ్వు ఆ తలుపు బయట నిలబడి విన్నది అదే కదా. విన్నదాన్ని నిజం చెయ్యడానికి నువ్వు అంత శ్రమపడ్డావు. డిసెంబరులో నువ్వొస్తే పిల్లలకి రెండూ చెప్తాను.

రోజీ


బిట్టర్‌పుట్స్ క్యాంపు
19 నవంబర్ 1997

రోజీ తల్లికి,

వస్తున్నా. డిసెంబరు నాలుగున విండ్‌హుక్‌లో దిగుతా. నువ్వు ఎదురు రావక్కర్లేదు, బడి మానకు. రుండూ బస్సు నేనే ఎక్కుతా. చెమటలు పడితే పట్టనీ.

ఇక్కడ వంట మారింది. లోయ రోజున మధ్యాహ్నమే మాంసం కాల్చి, బూడిదలో రొట్టెలు చేసేస్తున్నా. అన్నీ మూటగట్టి ట్రక్కులో పెట్టి, అంచు దగ్గరే తినిపిస్తున్నాం. ఆఫీసువాళ్లు ముందు గునిశారు. ప్రయాణికులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసేసరికి, ఆ ఆలోచన తమదేనంటున్నారు. అననీ.

మొన్న ఒక పని చేశా. ఈ క్యాంపులో అన్నా అని ఒకావిడ ఉంది, నా ఈడుదే. గుడారాల దుప్పట్లూ పక్కబట్టలూ ఉతుకుతుంది, వాటికి పట్టిన ఎర్ర దుమ్ము ఎంతకీ వదలదని తిట్టుకుంటుంది. ఆ రోజు తీగ మీద ఆరేస్తుంటే వెళ్లి, “అన్నా, లోయ చూశావా?” అని అడిగా. నాకు అయిదేళ్లు పట్టిన ప్రశ్న.

“నాకక్కడ ఏం పని?” అంది.

“ఏ పనీ లేదు. అందుకే రా.”

“నీకేమైనా పిచ్చా మాగ్రీటా? ఇవన్నీ ఎవడు మడతపెడతాడు? మా మొగుడా?”

“వచ్చాక నేను మడతపెడతా. ఎక్కు.”

తిట్టుకుంటూనే ఎక్కింది. ఎలియేజర్ దిగి ఆవిడకి ముందు సీటు తలుపు తీశాడు. దారంతా “ఒక గొయ్యి చూడ్డానికి ఇంత దూరమా” అని సణుగుతూనే ఉంది. తర్వాత నేల అయిపోయింది. అన్నా నోరు మూసుకుంది. ఎలియేజర్‌ని నేను మాట్లాడనివ్వలేదు. గాలి లేచి, లోయలోంచి ఎర్రటి దుమ్ము పైకొచ్చి మా మొహాలకి కొట్టింది. అన్నా ముంజేత్తో తుడుచుకోబోయి ఆగింది. అరచేతిలోకి ఆ దుమ్ము తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. వాసన చూసింది. లోయవంక ఒకసారి, నావంక ఒకసారి చూసింది.

“ఓసి నీ దుంపతెగ,” అంది. “పదకొండేళ్లుగా నేను ఉతుకుతున్నది నిన్నా!”

ఆ మాట నాతో కాదు రోజీ, లోయతో.

అమ్మ